ఎర్ర రంగు కింద ముద్ర

ఒకసారి మా బడిలో ఏడో తరగతి పిల్లలు వెనుక చెట్టులో ఎవరో ఏడుస్తున్నారని భయపడ్డారు. నేనే వెళ్లి కొమ్మల మధ్య ఇరుక్కున్న ప్లాస్టిక్ సంచిని కర్రతో దించి చూపించాను. ఇరవై రెండేళ్లుగా తెలుగు చెబుతున్నాను. కనపడనిదాన్ని నమ్మమని ఏ పిల్లకూ చెప్పలేదు. మా అన్న చనిపోయినప్పుడు కూడా అతను ఎక్కడో ఉండి నన్ను చూస్తున్నాడని అనుకోలేదు. పోయాడు. అంతే.

అతను పోయాక జరిగిన ఒక సంగతి ఇప్పుడు నారాయణఖేడ్ చాయ్ హోటళ్లలో కథగా తిరుగుతోంది. తలా ఒక ముక్క కలుపుతున్నారు. అందులోకి తెల్లబట్టల దయ్యం కూడా వచ్చిందట. అందుకే నేను చూసినంత మటుకే రాస్తున్నాను.

నారాయణఖేడ్ దగ్గర అడవి అంటే బయటివాళ్లు నవ్వుతారు. వాళ్లకు కనిపించేది కంది, పత్తి, రాళ్లు. కానీ కంగ్టి వైపు గుట్టల మీద ఇంకా కాస్త టేకు ఉంది. మా తాత చిన్నప్పుడు ఆ అడవి ఊరి అంచుదాకా ఉండేదట. తోడేళ్ల భయానికి పొద్దుగూకకముందే మేకలను ఇళ్లలోకి తోలేవారట. ఆ అడవి ఎటు పోయిందో తెలుసుకోవాలంటే పాత బజారులో ఏ ఇంట్లోకైనా వెళ్లి తల పైకెత్తితే చాలు. దూలాలు, వాసాలు, దర్వాజలు అన్నీ ఆ టేకే. గుట్టల మీద మిగిలిన అడవి ముక్కకు మా అన్న అటవీశాఖ కాపలా ఉద్యోగి.

అతని పని గురించి ఒక్క విషయం చెప్పాలి. దొంగతనంగా నరికిన చెట్టు మోడు కనపడితే కాపలా ఉద్యోగి దానికి ఒక పక్క బెరడు చెక్కి, ఇనుప సుత్తెతో కొడతాడు. సుత్తె మొహాన అతనికి ఇచ్చిన అక్షరాలు, అంకెలు ఉంటాయి. అవి కర్రలో దిగుతాయి. ఈ దొంగతనం నేను చూశాను, పైకి చెప్పాను అని ఆ ముద్రకు అర్థం. ముద్ర లేని మోడు ఉందంటే కాపలావాడు దొంగలతో చేతులు కలిపాడని అర్థం. అన్న సుత్తెలో ఎనిమిది అంకెకు ఒక పక్క విరిగిపోయింది. అతను కొడితే ఎనిమిది మూడులా పడేది. కొత్త సుత్తె ఇవ్వమని రెండుసార్లు రాశాడు. ఇవ్వలేదు.

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం అన్న ఆ గుట్ట మీదే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. వెంట ఖాజా ఉన్నాడు. ఖాజా రోజుకూలీ మీద పనిచేసే వాచర్, అన్నకంటే రెండేళ్లు పెద్ద. అతనే మోసుకుని రోడ్డు మీదికి తెచ్చి ఆటో ఎక్కించాడు. దవాఖాన చేరేసరికి అయిపోయింది.

పన్నెండో రోజున నేను అన్న సంచిలోని సుత్తెను ఆఫీసులో అప్పగించాను. నా ఎదుటే దాన్ని గుడ్డలో చుట్టి, లక్కతో సీలు వేసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. నాకు రసీదు ఇచ్చారు.

దసరా తర్వాత, ఆ గుట్ట మీద ముద్ర లేని టేకు మోడులు చాలా ఉన్నాయని, మా అన్న దొంగలతో కలిసి అమ్ముకున్నాడని విచారణ మొదలైంది. చనిపోయినవాడు జవాబు చెప్పలేడు కదా. వదిన మంచం పట్టింది. ఇంటి తరఫున సాక్షిగా నేను వస్తానన్నాను.

పై ఆఫీసు నుంచి వచ్చిన అధికారి, ఇద్దరు సిబ్బంది, ఖాజా, నేను. ఉదయం పది గంటలకు గుట్ట ఎక్కాం. పదిహేడు మోడులు చూశాం. ప్రతి మోడునూ ఇనుప బ్రష్షుతో రుద్దించి, నీళ్లు పోయించి చూశారు. నేను చేత్తో తడిమాను. చెక్కిన చోటు నున్నగా ఉంది. అంకె లేదు, అక్షరం లేదు. ఆ నున్నటి చోటనే ఎర్ర రంగుతో ఒకటి నుంచి పదిహేడు దాకా నంబర్లు వేశారు. రంగు డబ్బా పట్టుకున్నది నేనే. ప్రతి నంబరుకూ సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను.

ఖాజా ప్రతి మోడు దగ్గరా ఒకటే మాట. "లేకుంటెట్ల సార్? బెరడు చెక్కింది నేనే. ఆయన కొట్టిండు. నేను ఈడనే ఉన్న."

"మరి ఏదయ్యా ముద్ర? చూపియ్యి," అన్నాడు అధికారి.

ఖాజా చూపించలేకపోయాడు. నాకూ అతని మీద అనుమానం వచ్చింది. అన్న మీద కూడా వచ్చింది. ఇది దాచను. మోడుల మీద ముద్రలు లేవని పంచనామాలో రాశారు. నేను చదివి సంతకం పెట్టాను.

ఆ తర్వాత ఊరు నోరు విప్పింది. కిరాణా కొట్లో ఒకామె, "మీ అన్న ఇంట్ల మంచాలన్నీ టేకువే గద టీచరమ్మా?" అని నవ్వింది. అన్న ఇంట్లో ఉన్నవి రెండు ఇనుప మంచాలు. అది ఆమెకూ తెలుసు, ఆ ఇంట్లో పెళ్లి భోజనానికి వచ్చింది.

ఖాజా మాత్రం వదల్లేదు. నెలకు రెండుసార్లు మా ఇంటికి వచ్చి గడప దగ్గరే నిలబడేవాడు. "చెల్లె, ఇంకోపారి చూద్దామను. నేను జూట మాట్లాడితే నన్ను గూడ జైల్ల ఏస్కోమను." అతని పోరు పడలేక మళ్లీ తనిఖీ చేయమని అర్జీ పెట్టాను. ఫలితం ఉంటుందన్న ఆశ లేదు.

చలికాలం చివర్లో అదే అధికారి వచ్చాడు. మళ్లీ అదే ఐదుగురం. మొదటి మోడు దగ్గర ఎర్ర ఒకటి అంకె అలాగే ఉంది. దాని కింద ముద్ర ఉంది.

పక్కన కాదు, పైన కాదు. రంగు కింద. ఎర్ర రంగు ఆ అక్షరాల గాడుల్లోకి దిగి ఎండిపోయి ఉంది. అధికారి చాకు కొనతో గీకాడు. గాడి అడుగుదాకా పాత రంగే, ఎక్కడా పగలలేదు. రంగు వేశాక ఎవరైనా కొట్టి ఉంటే పెచ్చులు లేచేవి. కాబట్టి రంగు వేసేనాటికే ముద్ర ఉండాలి. కానీ ఆ రోజు అక్కడ ముద్ర లేదు. నా ఫోన్‌లో ఆ రోజు ఫొటో తెరిచి ఆయన కళ్ల ముందు పెట్టాను. నున్నటి కర్ర, దాని మీద తడి రంగు.

పదిహేడింటికీ అదే. పదిహేడింటిలోనూ ఎనిమిది మూడులా ఉంది.

ఖాజా ఒక్కడే ఆశ్చర్యపోలేదు. మోడు పక్కన కూర్చుని దాని మీద చెయ్యి పెట్టి, "చెప్పిన గద చెల్లె," అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా ఆఫీసుకు వెళ్లాం. బీరువా తీశారు. లక్క సీలు చెక్కుచెదరలేదు. అధికారి మొహానికి చెమట పట్టింది. ఆయన భయం నేను చూశాను. నేనూ భయపడ్డాను.

"మేడం, ఇది నేనెట్లా రాయాలి? దయ్యం కొట్టిందని రాయమంటారా?"

"దయ్యమని నేననలేదు. ఉన్నది రాయండి. రంగు కింద ముద్ర ఉంది. సీలు అట్లనే ఉంది."

"ఉన్నది రాస్తే నన్ను పిచ్చాసుపత్రికి పంపిస్తరు."

ఆయన రాసింది ఇది: చనిపోయిన ఉద్యోగి బంధువులు, వాచర్ కలిసి దొంగ సుత్తె చేయించి, తర్వాత ముద్రలు వేసినట్లు అనుమానం. రంగు సంగతి రాయలేదు. నేనిస్తానన్న ఫొటోలు తీసుకోలేదు. ఇదివరకు అన్న ఒక్కడే దొంగ, ఇప్పుడు నేనూ ఖాజా కూడా. నేను సంతకం పెట్టిన మొదటి పంచనామాను మాత్రం ఫైలులో భద్రంగా పైన పెట్టారు. కళ్లారా చూసిన మనిషి చేయి అబద్ధం రాస్తుంటే ఎదురుగా కూర్చుని చూశాను. ముద్రలను చూసి భయపడ్డదానికంటే ఆ చేతిని చూసి ఎక్కువ మండిపోయాను. ఇప్పటికీ మండుతున్నాను.

సంగతి ఊళ్లోకి పాకింది. దారి పక్కనున్న తొమ్మిదో మోడుకు పసుపు, కుంకుమ పూశారు. నిమ్మకాయలు, కొబ్బరికాయలు వచ్చాయి. మంచాల గురించి నవ్వినామె కూడా వెళ్లి మొక్కిందట.

ఒక ఆదివారం కర్రలు కోసే సామిల్లు యజమాని, ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. చాయ్ ఇచ్చాను.

"టీచరమ్మా, మీ అన్న మామూలు మనిషి గాదు. సచ్చినంక గూడ డూటీ జేసిండు. ఆడ గద్దె గట్టిద్దామనుకుంటున్నం. నాలుగు టేకు కంబాలు నేనిస్త," అన్నాడు.

"ఏ అడివివి?"

అతను నవ్వాడు. పెద్దమనిషి ఒకాయన గ్లాసులోకి చూస్తూ, "మంచిమాట మాట్లాడుకునేకాడ గవన్ని ఎందుకమ్మా," అన్నాడు.

"గద్దె తర్వాత కడుదురు. మా అన్న దొంగ కాడని ఒక కాయితం రాస్త, ముగ్గురు సంతకాలు పెట్టుర్రి. రేపు ఆఫీసుల ఇచ్చొస్త."

"గవర్మెంటు లొల్లి. మనమెందుకమ్మా నడుమ ఏలు పెట్టుడు," అన్నాడు రెండో ఆయన. చాయ్ సగంలో వదిలి లేచారు.

దేవుణ్ణి చేయడానికి ముగ్గురూ సిద్ధమే. దొంగ కాడనడానికి ఒక్కడూ లేడు.

ముద్రలు ఎలా వచ్చాయో నాకు తెలియదు. ఆ రోజు మా ఐదుగురి కళ్లూ ఒకేసారి పదిహేడుసార్లు మోసపోయాయా? అలాగైతే ఫోన్ కూడా మోసపోయిందా? ఆ ఫొటోలు ఇప్పటికీ తీసి చూస్తుంటాను. కర్ర నున్నగానే ఉంది. గుట్టకు వెళ్తే ముద్ర ఉంది. రెండూ నిజమే, రెండూ కలిసి నిజం కాలేవు. ఇంతకు మించి నాకు అందలేదు.

ఊళ్లో ఎదురైన ప్రతివాళ్లూ ఆపి, ఆ ముద్రలు ఎవరు కొట్టారని గొంతు తగ్గించి అడుగుతున్నారు. ఆ చెట్లు ఎవరు నరికారని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.