అక్క నోట్లో వేరే గొంతు

టీవీలో మా అక్క నోరు తెరుస్తుంది. మాట్లాడేది మాత్రం ఇంకెవరో.

బట్టలుతికే మిషన్ ప్రకటన అది. రాత్రి సీరియల్ నడుమ రెండుసార్లు వస్తుంది. వచ్చినప్పుడల్లా రిమోట్ కోసం మంచమంతా తడుముతాను, అది చేతికి దొరికేలోపు ప్రకటనే అయిపోతుంది. ఆ గొంతు మారడానికి కారణం నేను. అది మారిన దగ్గర్నుంచి ఏడాదికి పైగా అక్క నాతో మాట్లాడలేదు. అక్క నాతో మళ్ళీ మాట్లాడాలని తప్ప నాకు వేరే కోరిక లేకపోయింది. బడిలో మాత్రం నన్ను దేనికీ ఆశపడని మనిషి అని మెచ్చుకుంటారు, ఏం చెప్పను!

నేను గంగారంలో తెలుగు టీచరును. ఒంటరి మనిషిని. ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. చుట్టూ అడవి కాబట్టి ఫోనుకు కిటికీ అరుగు మీద తప్ప సిగ్నల్ అందదు. ఆదివారం పొద్దున పదింటికి అక్క అత్తవారి ఊరు టేకుమట్ల నుంచి ఫోను చేసేది. కిటికీలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని గంటసేపు వినేదాన్ని. పత్తికి పట్టిన పురుగు నుంచి పక్కింటామె కొత్త ముక్కుపుడక దాకా అన్నీ చెప్పేది. ఇప్పటికీ ఆదివారం పదింటికి అక్కడే కూర్చుంటాను. ఫోను మోగితే ఏ బీమా కంపెనీ వాడో అయి ఉంటాడు. వాడితో కూడా కాసేపు మాట్లాడతాను. నా బతుకు అంతవరకు వచ్చింది.

మాది లింగాల ఘనపూర్ దగ్గర పల్లె. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది. అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. తను బడి మానేసి బాపుతో పాటు కూలికి పోయి నన్ను చదివించింది. చేనుకు ఆ కొసన నిలబడి పిలిస్తే ఈ కొసన నేను ఉలిక్కిపడేదాన్ని, అంత గొంతు తనది. బతుకమ్మ ఆడేటప్పుడు పాట ఎత్తుకునేది అక్కే. మిగతా ఆడవాళ్ళంతా ఆమె వెనక అందుకోవాల్సిందే. అక్కకు జలుబు చేస్తే ఆ ఏడు మా వాడకట్టు బతుకమ్మ చప్పగా ఉండేది.

నాకూ ఒకప్పుడు అలాంటి మాటే ఉండేది. బీయీడీ కోసం కోస్తా వైపు ఒక కాలేజీకి పోయాను. మొదటి పాఠం చెబుతూ బోర్డు చూపించి “గిది సూడుండ్రి” అన్నాను. వెనక బెంచీల్లో నవ్వులు. వెనక కూర్చుని మార్కులు వేసే లెక్చరర్ కూడా నవ్వి “ఏదీ, ఇంకోసారి అనమ్మా” అన్నాడు. వెర్రిదాన్ని, అన్నాను కూడా! తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే హాస్టల్ అద్దం ముందు నిలబడి వార్తలు చదివే ఆమెలా మాట్లాడడం మొదలుపెట్టాను. చదువు అయ్యేసరికి అది నోటికి పట్టేసింది, మళ్ళీ వదల్లేదు. సెలవులకు ఇంటికి వస్తే అక్క పడీపడీ నవ్వింది.

“బాపూ, ఇగో, టీవీల వార్తలామె మనింటికొచ్చింది. అన్నం దింటదో, వార్తలు సదువుతదో అడుగు!”

నేనూ నవ్వాను. అప్పుడు నవ్వులాటగానే ఉండింది.

అక్కకు ప్రకటనలో వేషం దొరకడం కూడా గొంతు వల్లే. మహిళా సంఘం తరఫున హైదరాబాదులో ఎగ్జిబిషన్‌కు పోయి మామిడికాయ తొక్కు అమ్మింది. అక్క పిలుపుకి అవతలి వరస వాళ్ళు కూడా ఇటే వస్తున్నారట. అది విన్న ఒకాయన “మీ గొంతు మాకు కావాలమ్మా” అని ఫోను నంబరు రాసుకుపోయాడు. ఈ సంగతేదీ అక్క నాకు ముందుగా చెప్పలేదు. ఒక ఆదివారం మాత్రం “రేపు సీరియల్ సూడు చెల్లె, ఊకె సూడు, నన్నేమి అడగకు” అని ఫోను పెట్టేసింది.

చూశాను. తెల్లటి ఇల్లు, సోఫాలో ఇస్త్రీ మడత నలగని చీరలో ఒక ఆమె. మాసిన చీరలో, కొప్పు వదులుగా వేసుకుని మా అక్క. పనిమనిషి. మిషన్ తిరగడం మొదలవగానే అక్క రెండడుగులు వెనక్కి గెంతి, “అమ్మో దొరసానీ! గీ డబ్బల ఏమున్నదో గుర్రుమంటున్నది, నేను జెయ్యి వెట్ట!” అంటుంది. దొరసాని చల్లగా నవ్వి “భయపడకు, నీకంటే బాగా ఉతుకుతుంది” అంటుంది. అక్క ఆ మిషన్‌కు బొట్టు పెట్టి రెండు చేతులూ జోడిస్తుంది. అంతే.

నాకు ఒళ్ళు మండిపోయింది. హాస్టల్ నవ్వులన్నీ ఒక్కసారి చెవుల్లో మోగాయి. వెంటనే కిటికీ ఎక్కి ఫోను చేశాను.

“ఏమిటక్కా ఆ వేషం? మన మాట మాట్లాడితే పనిమనిషేనా? మిషన్ అంటే తెలియని వాళ్ళమా మనం?”

“ఏందే నీ పరేషాన్? మా ఇంట్ల మిషన్ లేదా? షూటింగుల ఆళ్ళు నీళ్ళ పైపు తిరగేసి పెడితే నేనే జెప్పిన, గట్ల గాదు బిడ్డా, గిట్ల వెట్టాలె అని. అందరు నవ్విన్రు. ఆట అది. నేను రోజు మాట్లాడినట్టే మాట్లాడిన. మంచిగున్నదా లేదా, గది జెప్పు.”

బాగుందని చెప్పలేదు నేను. బాగుంది నిజానికి. అక్క గొంతు ఆ తెల్లటి ఇంట్లో గంట కొట్టినట్టు మోగింది. ఆ ఒక్కమాట అనడానికి నాకు నోరు రాలేదు.

మర్నాడు స్టాఫ్ రూంలో లెక్కల సార్ చేతులు జోడించి అచ్చం అక్కలా గెంతి చూపించాడు. కొందరు నవ్వారు. సోషల్ సార్ బల్ల మీద గుద్ది “మన యాసను ఇంకెన్నాళ్ళు కామెడీ జేస్తరు?” అని లేచాడు. వాట్సాప్ గ్రూపుల్లో అప్పటికే మంట మొదలైంది. ఒక చానెల్లో నలుగురిని కూర్చోబెట్టి అరగంట చర్చ పెట్టారు. మా యాస కోసం ఆ నలుగురూ వార్తల భాషలో పోట్లాడుకున్నారు. కంపెనీ మీద ఫిర్యాదు ఎవరు రాయాలంటే అందరూ నా వైపే చూశారు, తెలుగు టీచరును కదా. రెండు పేజీలు రాశాను. ‘మా యాసను వెటకారం చేస్తూ’ అని మూడుచోట్ల రాశాను. మానుకోటలో, అంటే మహబూబాబాదులో, టీచర్ల సమావేశంలో దాన్ని చదివితే చప్పట్లు కొట్టారు. సంతకాలతో పేజీ వెనక కూడా నిండింది. ఆ పనిమనిషి మా అక్క అని నేను ఎవరికీ చెప్పలేదు. పొంగిపోతూ ఇంటికి వచ్చాను, సిగ్గు లేకుండా.

తరవాతి శనివారం జనగామలో ధర్నా అంటే పోయాను. చౌరస్తాలో ఫ్రిజ్‌లూ మిషన్లూ అమ్మే దుకాణం ముందు నిలువెత్తు పోస్టరు. చేతులు జోడించిన మా అక్క. కాలేజీ పిల్లలు నినాదాలు ఇచ్చారు. దుకాణం సాయిబు బయటికి వచ్చి “అరే భాయ్, నేను గూడ గిట్లనే మాట్లాడ్త గదా! నా దుకాణం మీద పడ్తరేంది?” అని తల పట్టుకున్నాడు. నాకు అటూ ఇటూ ఒకామె, ఒకాయన నిలబడి ఉన్నారు.

“గా ఆడిదానికి సిగ్గుండాలె” అందామె.

“మనోళ్ళు గాదమ్మా. మనదిక్కు ఎవలు మాట్లాడ్తరు గట్ల? ఎక్కడనుంచో తెచ్చి, కావాలని గట్ల మాట్లాడించిన్రు” అన్నాడాయన.

మా అక్క అట్లాగే మాట్లాడుతుంది, పుట్టినప్పటినుంచీ అట్లాగే మాట్లాడుతుంది. ఆ మాట వాళ్ళతో అనలేదు. అంతలో పోస్టరు చింపేశారు. అక్క మొహం సగం చెప్పుల కింద పడింది. వంగి తీసుకుందామనుకున్నాను. ఎవరైనా చూస్తారేమోనని తీసుకోలేదు. బస్టాండు దాకా వెనక్కి తిరగకుండా నడిచాను.

మర్నాడు ఆదివారం. పదింటికి అక్క ఫోను.

“చెల్లె, జనగామల నా ఫోటువ చింపిన్రట. నువ్వు సూసినవా?”

“లేదక్కా” అన్నాను.

“కాయితం ఎవలో టీచరమ్మ రాసిందంటున్నరు.”

“నేనే రాశాను. నీ మీద కాదక్కా, కంపెనీ మీద.”

“మంచిది” అని పెట్టేసింది. అక్క అంత పొట్టిమాట అనడం నేనెన్నడూ వినలేదు.

రెండు వారాలకు కంపెనీ విచారం వ్యక్తం చేసింది. గ్రూపుల్లో ‘గెలిచాం’ అని పూలగుత్తులు, చప్పట్ల బొమ్మలు. ప్రకటన మళ్ళీ వచ్చింది. అదే మాసిన చీర, అదే గెంతు, అదే బొట్టు, అవే జోడించిన చేతులు. గొంతు ఒక్కటే తీసేశారు. “అమ్మగారూ, ఈ మిషన్ ఏంటండీ, శబ్దం చేస్తోంది, నాకు భయంగా ఉందండీ” అని సాఫుగా, ఏ ఊరిదో తెలియని గొంతు. అవమానమంతా అక్కడే ఉంది, అక్క ఒక్కతే లేదు. స్టాఫ్ రూంలో అన్నాను, ఇదేం గెలుపండీ అని. “యాస తీసేసిన్రు గద మేడం, ఇంకేం గావాలె?” అన్నాడు సోషల్ సార్.

ఆ ఆదివారం ఫోను రాలేదు. నేను చేస్తే బావ ఎత్తి “మీ అక్క పనిల ఉన్నది” అన్నాడు. ఆ తర్వాతి వారమూ పనే. దసరాకూ పనే. బతుకమ్మకు అక్క పాట ఎత్తుకోలేదని బావే చెప్పాడు, ఎవరెంత బతిమాలినా పళ్ళెం పట్టుకుని ఊరికే తిరిగిందట. ఎండాకాలం సెలవులకు అక్క దగ్గరికి పోయేదాన్ని ఎప్పుడూ, ఈసారి గదిలోనే గడిపాను. గోడలతో మాట్లాడడం ఒక్కటే తక్కువ.

చివరికి మొన్న ఆదివారం కిటికీలో కూర్చోవడం మానేసి బస్సులు మారి టేకుమట్ల పోయాను. అక్క పెరట్లో మిషన్ దగ్గర ఉంది. దాని మూత మీది బియ్యం డబ్బా దించి బట్టలు వేస్తోంది. నన్ను చూసింది. లోపలికి కేకేసింది.

“ఏమయ్యా, మరదలొచ్చింది. చాయ్ తాగుతదో లేదో అడుగు!”

బావ పాపం మా ఇద్దరి మధ్య గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. నేను గ్లాసు అందుకుని పక్కన పెట్టేశాను. ఇక ఆగలేకపోయాను.

“జనగామలో నేనూ ఉన్నానక్కా. అబద్ధం చెప్పాను. నీ ఫోటో కింద పడితే తీసుకోలేదు.”

“ఎరుకే” అంది, బట్టలు వేస్తూనే. “వార్తలల్ల సూపెట్టిన్రు. ఎనకకు నిలవడ్డవ్. నేనిచ్చిన ఆకుపచ్చ చీర కట్టుకున్నవ్.”

ఏడాదిగా తెలుసన్నమాట. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

“దానికి గాదే నా కోపం” అంది అక్క, మొదటిసారి నా వైపు తిరిగి. “పదిమంది నడుమ బుగులైతది, భయం ఎవలకైన అయితది. కాయితం రాసుడు గూడ మంచిదే. గని నా మాట వాళ్ళకు బాగలేకుంటే నన్నడగాలె గద? నువ్వొచ్చి నా నోట్ల నీ గొంతు పెట్టుడేందే?”

“నా గొంతేమిటక్కా?”

“గా మిషన్ దాంట్లది. ‘భయంగా ఉందండీ’ అని. అది నువ్వు గాదా? ఇన్నంగనే గుర్తు వట్టిన. ఇంటోళ్ళకు, వాడకట్టోళ్ళకు అందరికి గట్లనే జెప్పిన, మా చెల్లె అని.”

“నేను కాదక్కా! ఒట్టు. అది ఎవరో హైదరాబాదు అమ్మాయి. ఆమె ఎవరో కూడా నాకు తెలియదు.”

అక్క చాలాసేపు నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు. చిన్నప్పుడు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది కదా, అలా చూసింది. మిషన్ గుర్రుమంటూనే ఉంది.

“మరి నీ గొంతు ఎట్లుంటదే?” అంది.

చిన్నప్పుడు ఆమె పిలుపుకు చేను ఇవతలి నుంచి నేను పలికిన పలుకు కోసం లోపలంతా వెతుక్కున్నాను. ఒక్క ముక్క దొరికినా చాలు అనుకున్నాను. నోరు తెరిచాను.

“నాకు తెలియడం లేదక్కా” అన్నాను. అది కూడా వార్తలు చదివినట్టే వచ్చింది.