మా తాత పాడని మూడో అంకం

మా తాత ఎర్మెతె గొంతెత్తితే ఇటలీలోని మా పార్మా ఊరి కొట్లలో ఉప్పు పట్టించి వేలాడదీసిన పంది తొడలు ఆర్నెల్ల ముందే మాగిపోయేవి. ఆయనది బారిటోన్, అంటే ఉరుముకీ వేణువుకీ నడిమి గొంతు. చలికాలం నాలుగు నెలలూ నాటకశాలలో ముసలి తండ్రి వేషం కట్టి పాటలో ఏడ్చేవాడు. మిగతా ఎనిమిది నెలలూ చెప్పులు కుట్టేవాడు.

మా ఊళ్ళో పాటకు తీర్పు చెప్పేది పై అంతస్తులోని చవక టిక్కెట్ల వాళ్ళు. కసాయివాళ్ళు, బండివాళ్ళు. స్వరం జారిందా, ఈలలేసి తరిమేస్తారు. పత్రికలో పాటల మంచిచెడ్డలు రాసే సిల్వేరియోను తరిమేవాళ్ళు మాత్రం లేరు. ఆ పెద్దమనిషి రెండో అంకం కాగానే భోజనానికి జారుకునేవాడు.

ఒక శనివారం రెండో అంకం చివర తాత గొంతు పూడుకుపోయింది. తాత వేషం అంగీ తొడుక్కుని తుల్లియో మూడో అంకం పాడాడు. పన్నెండేళ్ళుగా కోరస్ వెనక వరసలో నిలబడ్డ మనిషికి అదే మొదటి అవకాశం. పై అంతస్తు లేచి నిలబడింది.

మర్నాడు పత్రికలో ఇలా ఉంది: "మూడో అంకంలో ఎర్మెతె గారి కన్నీటి పాటకు సాటి లేదు." తుల్లియో పేరే లేదు.

తాత తిన్నగా పత్రికాఫీసుకు వెళ్ళాడు.

"ఆ పాట నాది కాదయ్యా. తుల్లియో పేరు వెయ్యి."

"పొగిడితే ఏడుస్తావేంటి ఎర్మెతె? సవరణ వేస్తే నేను మధ్యలో లేచిపోయానని ఊరంతా నవ్వదూ? నోరు మూసుకో, ఈసారి ఇంకో నాలుగు ముక్కలు ఎక్కువ రాస్తాలే."

తాత ఇంటికొచ్చాడు. ఇరవై ఏళ్ళుగా దాచుకున్న పొగడ్తల కాగితాలన్నీ తెచ్చి కోళ్ళగూట్లో పరిచాడు.

"వీటిలో వాడు విన్నదేదో, తిండి దగ్గర కూర్చుని అల్లిందేదో ఎవడికి తెలుసు?"

"పాపం, కోళ్ళేం చేశాయండీ?" అంది నానమ్మ.

మంగళవారం తెర లేవకముందే తాత వేదిక మీదికొచ్చి చెప్పాడు. "శనివారం మూడో అంకంలో ఏడ్చింది నేను కాదు, తుల్లియో!"

"మాకు తెలుసులేవోయ్! చెవులున్నాయి మాకు! వెళ్ళి ఆ పత్రికవాడికి చెప్పు!" అని పైనుంచి అరిచారు.

మరుసటేడు ముసలి తండ్రి వేషం తుల్లియోకు దక్కింది. సిల్వేరియో మాత్రం ఎర్మెతె గొంతు అరిగిపోయిందని రాశాడు. అదీ వినకుండానే. ఆపైన తాతను పాడమని పిలిచినవాళ్ళు లేరు, పన్నెండు నెలలూ చెప్పులే.

ఇదంతా రాసి తాతకు చదివి వినిపించాను. సూది ఆపకుండానే విన్నాడు.

"నేను పాట మానేసిన తొమ్మిదేళ్ళకు పుట్టావు. నా గొంతు ఎప్పుడు విన్నావే? నువ్వూ ఆ సిల్వేరియో తానులో ముక్కవే. చించెయ్."