ముద్దుకృష్ణ పెన్సిలు, మునీశ్వరి ఇంకు

పుంగనూరులో పశువులకు పెట్టే తవుడు, చెనక్కాయల చెక్క అమ్మే మునస్వామికి మునీశ్వరి ఒక్కతే కూతురు. ఇంటర్లో ఉండగా తన క్లాసు సగం మందికి బయాలజీ రికార్డులు ఆమే వేసిచ్చింది. కప్ప గుండె, మందారపువ్వు నిలువుకోత, బొద్దింక నోరు, ఏది వేసినా గీత వణికేది కాదు. కానీ ఎదురుగా బొమ్మ ఉంటేనే ఆమె చేయి కదిలేది. సొంతంగా ఒక మనిషిని ఊహించుకొని వేయమంటే కాగితం ముందు బొమ్మలా కూర్చుండిపోయేది.

ఆమె క్లాసులోనే చదివిన సుష్మకు మదనపల్లెలో దేవేంద్ర అని అన్న ఉన్నాడు. అతనికి బస్టాండు పక్క సందులో జెరాక్సు అంగడి. అతనిది పాత బొమ్మల కథల పుస్తకాల పిచ్చి. సెలవు దొరికితే బెంగుళూరు పోయి ఫుట్‌పాత్ మీద పుస్తకాల కుప్పలు తిరగేసేవాడు. తనలాంటి వాళ్లు అనంతపురంలో, కడపలో, హిందూపురంలో కూడా ఉన్నారని తెలిశాక, 1993లో అందరికీ కలిపి ఒక చిన్న పత్రిక మొదలుపెట్టాడు. పేరు ‘బొమ్మల సంత’. తెల్లకాగితాలు మధ్యకు మడిచి పిన్నులు కొట్టడమే బైండింగు. ఏ పాత పుస్తకం ఎక్కడ దొరుకుతుంది, ఏ బొమ్మ ఎవరు వేశారు, ఎవరి దగ్గర ఏ సంచిక తక్కువైంది, ఇవీ అందులోని సంగతులు. చివరి పేజీల్లో మాత్రం పాఠకులే వేసి పంపిన కొత్త కథ ఒకటి వచ్చేది.

ఆ కథలు పంపే వాళ్లందరిలోకీ కుప్పం ముద్దుకృష్ణను దేవేంద్ర నెత్తిన పెట్టుకునేవాడు. ముద్దుకృష్ణ ఊరి బయట గ్రానైటు ఫ్యాక్టరీలో రాళ్లకు పాలిషు పట్టేవాడు. కథ పేరు ‘ఏనుగుల ఎర్రప్ప’. అడవి కాపలా కాసే ఎర్రప్ప, అతని వెంట తిరిగే ఒక కుంటి ఏనుగు. అడ్డం వచ్చిందల్లా ఒకటే. అతను పెన్సిలుతో మాత్రమే వేయగలడు. పొద్దంతా మిషను పట్టుకొని పట్టుకొని చేతుల్లో అదురు దిగేది కాదు. పెన్సిలు గీత తప్పితే తుడుచుకోవచ్చు, ఇంకు తప్పితే కాగితం పోయినట్టే. ఇంకు పడకపోతే ఆ బొమ్మ జెరాక్సులో సరిగ్గా రాదు.

“పెన్సిలు గీత మీద ఇంకు ఎక్కించాల. అంతే పని. నీ చెయ్యి నాకు తెలుసు గదమ్మా,” అన్నాడు దేవేంద్ర మునీశ్వరితో.

అట్లా మొదలైంది. కుప్పం నుంచి పేజీలు పోస్టులో పుంగనూరుకు వచ్చేవి. మునీశ్వరి సన్న పాళీతో, కుంచెతో నల్ల ఇంకు ఎక్కించి, ఆరిన తర్వాత రబ్బరుతో కింది పెన్సిలు గీతలన్నీ తుడిచేసి మదనపల్లె బస్సుకు ఇచ్చేది. అంచుల్లో ముద్దుకృష్ణ చిన్న అక్షరాలతో ఏదో ఒకటి రాసేవాడు. ‘ఈడ నీడ ఎక్కువ వద్దు’, ‘ఏనుగు కంట్లో తెల్లచుక్క మరచిపోవద్దు’. తర్వాత్తర్వాత ‘మీ ఊర్లో వాన పడిందా?’ అని కూడా. చదివి, వాటినీ తుడిచేసేది. అంచు శుభ్రంగా ఉండాలి మరి.

ఇద్దరూ ఒకరినొకరు చూసింది 1996లో, దేవేంద్ర అంగట్లోనే. పత్రికకు రాసే వాళ్లు, వేసే వాళ్లు నలుగురైదుగురు టీలు తాగుతూ కూర్చున్నారు. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి లేచి ఆమె దగ్గరికి వచ్చాడు.

“నా గీతలు తుడిపేసేది మీరేనా?”

మునీశ్వరి తడబడింది. “తుడపకపోతే మసగ్గా వస్తాది.”

“తుడపండి. తప్పని యాడంటి? అచ్చులో సూసుకుంటే నేనేనా ఇంత బాగా వేసింది అని నాకే అనుమానమొస్తాది.”

పెళ్లి మాట దేవేంద్రే కదిపాడు. ఒకే కులం కావడంతో మునస్వామి అభ్యంతరం చెప్పలేదు. మునీశ్వరి తల్లి చెంగమ్మ మాత్రం, “బొమ్మలేసేది ఒక పనా?” అని అడిగి, పగలు ఫ్యాక్టరీ పని ఉందని విని ఊరుకుంది.

కుప్పంలో అద్దె ఇల్లు. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, తలలోని తెల్లదుమ్ము కడుక్కొని, ముద్దుకృష్ణ పలకమంచం మీద పేజీ పరుచుకునేవాడు. అతను వేసిన పేజీ తీసుకొని అటు చివర ఆమె కూర్చునేది. అంచుల్లో రాయాల్సిన అవసరం ఇప్పుడు లేదు. “ఏనుగు బరువు కనపడల్ల. కాలు కింద నేల కొంచెం లొత్త పడినట్టు వెయ్యి,” అని నోటితోనే చెప్పేవాడు. పిల్లలు కలగలేదు. ఆ వెలితి ఇద్దరికీ ఉండేది. కానీ సాయంత్రాలు ఖాళీగా ఉండేవి కావు. ‘బొమ్మల సంత’ పాఠకులు ఎర్రప్ప గురించి ఉత్తరాలు రాసేవారు. వాటిని దేవేంద్ర కట్టగట్టి పంపితే, అన్నం తింటూ ఒకరికొకరు చదివి వినిపించుకునేవారు.

2001లో దగ్గు మొదలైంది. మొదట టీబీ అన్నారు, మందులు వాడాడు. తగ్గలేదు. పెద్దాసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పెట్టి చూపించి, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని, దాన్ని తీసే మందు లేదని చెప్పాడు. ముద్దుకృష్ణ పని మానేశాడు. అదురు తగ్గిపోయింది. చేతులు మొదటిసారి నిలకడగా ఉన్నాయి, కానీ బలం లేదు. రోజంతా ఇంట్లోనే కాబట్టి పొద్దున్నించి సాయంత్రం వరకూ వేసేవాడు. అంత బాగా అంతకు ముందెప్పుడూ వేయలేదు. గీతలు మాత్రం రోజురోజుకూ పలచబడిపోతూ వచ్చాయి.

“కొంచెం ఒత్తి గీయండి. కంటికి ఆనడం లేదు,” అనింది మునీశ్వరి ఒకరోజు.

“నీకు తెలుసు గదా యాడ ఏముండాదో,” అన్నాడతను, ఆయాసంతో ఆగి ఆగి.

అప్పుడతను వేస్తున్న ఎర్రప్ప కథకు ఆమె ఇంకు ఎక్కించలేకపోయింది. అతన్ని లేపి కూర్చోబెట్టడం, మందులు, జావ కాయడం, వీపు నిమరడం, వీటితోనే పొద్దు గడిచిపోయేది. “తొందరేం లేదు. అంతా అయినాక ఒకేసారి వేద్దువుగాని,” అనేవాడు. 2003 వానాకాలంలో ముద్దుకృష్ణ పోయాడు. కథ చివరి పేజీ సగంలో ఆగిపోయింది.

మునీశ్వరి పేజీల కట్ట పట్టుకొని పుంగనూరు వచ్చేసింది. తండ్రి అంగట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. తవుడు తూకం వేస్తుంది, వచ్చినవాళ్లతో మాట్లాడుతుంది, ఇంటికి పోయి వంట చేస్తుంది. ఎవరి ముందూ ఏడవలేదు. చెంగమ్మకు అదే భయంగా ఉండేది.

కొన్ని నెలలకు దేవేంద్ర వచ్చాడు. పత్రిక దాదాపు ఆగిపోయింది. చదివేవాళ్లు టీవీల వైపు మళ్లారు. ముద్దుకృష్ణ చివరి కథతో ఒక్క సంచిక తీసి ముగించేద్దామని అతని కోరిక. పేజీలు తీసుకుపోయి జెరాక్సు తీసి చూశాడు. తెల్లకాగితమే వచ్చింది. డీటీపీ సెంటర్లో స్కానింగు చేయించాడు, అక్కడక్కడా బూడిద మరకలు తప్ప ఏమీ పడలేదు. పైన ఇంకో కాగితం పెట్టి దిద్దుదామంటే అంత పలుచని గీతలు అందులోంచి కనిపించనే కనిపించవు.

“దాని మీదనే ఇంకు ఎక్కించాల. వేరే దారి లేదు తల్లీ,” అన్నాడు.

“ఎక్కిస్తే తుడపాల గదన్నా.”

“తుడపాల.”

“నా చేత కాదు. అవి ఒక్కటే ఉండేది ఆయనవి.”

దేవేంద్ర బలవంతం చేయలేదు. పేజీలు ఆమెకే ఇచ్చి వెళ్లిపోయాడు.

ఎండాకాలంలో ఒకరోజు మునీశ్వరి కట్ట విప్పింది. ఒక పేజీలోని గీతలు పైనున్న పేజీ వెనక్కి అంటుకొని ఉన్నాయి. అసలు పేజీలో ఎర్రప్ప భుజం చెరిగిపోయింది. ఏనుగు చెవి ఒక వైపు బూడిద పొగలా మిగిలింది. దాచిపెడితే ఉంటాయనుకున్నవి, దాచిన చోటే అరిగిపోతున్నాయి. మర్నాడు అంగడికి పోలేదు. ఇంకు బుడ్డి, పాళీ, కుంచె తీసింది.

ఇంకు పని ఆమెకు కష్టం కాలేదు. అతను అన్నట్టు, ఎక్కడ ఏముందో ఆమెకు తెలుసు. చెరిగిన భుజం కూడా ఎట్లా తిరిగి ఉంటుందో తెలుసు. కష్టమంతా ఆరిన తర్వాతే. రబ్బరు చేతిలో పట్టుకొని, మొదటి పేజీ మీద పెట్టలేక, పక్కన పెట్టి మళ్లీ తీసుకుంది.

“యాల తుడపాలమ్మా? అట్లే ఉండనీరాదా?” అనింది చెంగమ్మ.

“మసగ్గా వస్తాదమ్మా. ఆయన బొమ్మ మసగ్గా రాకూడదు.”

తుడిచింది. ఎర్రప్ప ముఖం మీద, చెట్ల మీద, ఏనుగు వీపు మీద. బూడిదరంగు రబ్బరు పొట్టు చాప మీద రాలింది. అన్నానికి లేచి వచ్చేసరికి చెంగమ్మ పొరక తెచ్చి దాన్నంతా వాకిట్లోకి ఊడ్చేసి ఉంది. కూతురు నిలబడి వాకిలి వైపే చూస్తుంటే, “ఏమమ్మా?” అని అడిగింది.

“ఏం లేదు,” అనింది మునీశ్వరి.

పేజీలు తీసుకుపోవడానికి దేవేంద్ర వచ్చినప్పుడు చివరి పేజీ చూసి ఆగిపోయాడు. ఆఖరి బొమ్మలో ఏనుగు పడుకొని ఉంది. పక్కన ఎర్రప్ప కూర్చొని దాని తొండం మీద చేయి వేశాడు. అతని ముఖం చోట ఒక్క కోడిగుడ్డు ఆకారం మాత్రమే ఉంది, కళ్లు లేవు, ముక్కు లేదు. ముద్దుకృష్ణ అంతవరకే వేశాడు.

“నువ్వే వేసేయరాదా? ఎర్రప్ప మొగం నీకు తెల్లేనిదా? ఎన్నేండ్లు వేసినావు.”

“నేను యాడేసినానన్నా? ఆయన వేసిందాని మీద వేసినాను.” చిత్తు కాగితం ఒకటి తీసి చూపించింది. “వేసి సూసినా. కండ్లు అవే, మీసం అదే. కానీ ఎవరి పక్కా సూడడంలా.”

దేవేంద్ర ఆ చిత్తు కాగితం చూసి మడిచి ఆమెకే ఇచ్చేశాడు. సంచిక ముఖం లేని ఎర్రప్పతోనే వచ్చింది. పంపిన కాపీల్లో చాలా వరకు చిరునామాదారు లేరని తిరిగి వచ్చాయి. నెల తర్వాత కలకడ నుంచి ఒక కార్డు వచ్చింది. గోపాలప్ప అనే పాఠకుడు, చివరి పేజీలో ముఖం అచ్చు పడలేదని, సరైన కాపీ పంపమని రాశాడు. దేవేంద్ర జవాబు రాయలేక కార్డు పుంగనూరుకు పంపాడు. మునీశ్వరే రాసింది: ‘అచ్చు తప్పు కాదండీ. అంతవరకే ఉంది. వేసినవారు పోయారు.’

ఆ జవాబు అందుకొని గోపాలప్ప బయలుదేరి పుంగనూరు వచ్చాడు. నడివయసు మనిషి, గొర్రెలు ఉన్నాయి, చేను ఉంది. గొర్రెల వెనక తిరుగుతూ చదువుకోవడానికి ‘బొమ్మల సంత’ తెప్పించుకునేవాడట. వచ్చిన సంచికలన్నీ సంచిలో వేసుకొని తెచ్చాడు. తవుడు మూటల పక్కన స్టూలు మీద కూర్చొని, ఒక సంచిక తీసి వానలో ఏనుగు నిలబడిన పేజీ తెరిచాడు.

“పెన్సిలు ఆయనది, ఇంకు మీది అని ప్రతి తూరి వేసుంటారు గదమ్మా. నాకు సదువు అంతంత మాత్రమే. దీంట్లో ఆయన గీతలు యావో కొంచెం సూపిస్తారా? ఒకసారి సూసి పోదామని వచ్చినా.”

మునీశ్వరి పేజీ దగ్గరికి తీసుకుంది. ఏనుగు వీపు మీద వేలు పెట్టింది. అక్కడినుంచి వాన గీతల మీదికి, ఎర్రప్ప గొంగడి మీదికి జరిపింది. వేలు ఎక్కడా ఆగలేదు.

“కనపడేటివన్నీ నావేనప్పా,” అనింది. “ఆయనవన్నీ నేను తుడిపేసినాను.”

ఆ మాట అన్న తర్వాత ఇంక ఆపుకోలేకపోయింది. తూకం రాళ్ల పక్కన కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, ముద్దుకృష్ణ పోయిన తర్వాత మొదటిసారి గట్టిగా ఏడ్చింది. మునస్వామి గల్లా దగ్గరినుంచి లేచి, కూతుర్ని ముట్టుకోవాలో వద్దో తెలియక అట్లే నిలబడ్డాడు. తవుడు కోసం వచ్చిన ఆడమనిషి ఒకామె బయటే ఆగిపోయింది.

గోపాలప్ప పుస్తకాలు సర్దుకోలేదు, లేవలేదు. అతను ఎక్కాల్సిన మదనపల్లె బస్సు హారన్ కొట్టుకుంటూ అంగడి ముందే వెళ్లిపోయింది. ఆమె ఏడుపు దిగేదాకా అతను స్టూలు మీదే తల వంచుకొని కూర్చున్నాడు. తర్వాత ఆమె మొహం కడుక్కొని వచ్చి టీ ఇస్తే తాగి, ఇంకో బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాడు.