ఆ పిల్ల చెప్పిన పదిహేడు చెట్లు

ఇరవై ఏళ్లు దాటినా దుమ్ముగూడెం దగ్గర నేను పాఠాలు చెప్పిన ఆ అడవి బడి కళ్లముందే ఉంది. నాలుగో తరగతిలో ఇరవై ఇద్దరుంటే, పుస్తకం చదవగలిగింది తొమ్మిది మందే. చదవడం రాని ఒక అమ్మాయి, అందరూ నవ్వుతున్నారని, రేపటి నుంచి బడికి రానంది.

ఆ రోజు చెట్ల పాఠం. పుస్తకాలు మూయించి, ఆమెను తెలిసిన చెట్ల పేర్లు చెప్పమన్నాను, చదువు వచ్చినవాళ్లను రాయమన్నాను. ఇప్ప, తునికి, నల్లమద్ది, మోదుగ అంటూ ఆగకుండా చెప్పుకుపోయింది.

"జర ఆగవే, చెయ్యి నొస్తుంది!"

"చదువు మీకే వస్తదంటిరి గదా, రాయుండ్రి!"

పదిహేడు పేర్లయ్యాయి. వాళ్లు రాసిన కాగితాల్లో ఒకటి ఆమెకే ఇచ్చాను. తను చెప్పిన పేర్లే కాబట్టి, వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివింది. మూడుచోట్ల తడబడింది, నేను దిద్దలేదు.

మర్నాడు నేను తాళం తీయడానికి వెళ్లేసరికే అరుగు మీద కూర్చుని ఉంది.