మంత్రిగారి మెడలో టవలు

మా విడీ ఘర్కుల్‌లో, అంటే బీడీ కార్మికుల ఇళ్ల కాలనీలో, ఏ గడపలో చూసినా బీడీలు చుట్టే ఆడవాళ్లే. అలాంటి ఓ తల్లి కొడుకు ఆర్థికమంత్రి అయ్యాడంటే కాలనీ అంతా పొంగిపోయింది. నాకు మాత్రం సంతోషించాలో భయపడాలో తెలియలేదు. మా అమ్మ ఇప్పటికీ బీడీలు చుడుతుంది. మానేయమంటే, చేతుల్లో పని లేకపోతే నేనెవరినే అని నన్నే నిలదీస్తుంది. నేను కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను, అదీ ఎక్కువగా ఆ మంత్రిగారు రాసినవి చదివే.

అర్థశాస్త్రవేత్తగా ఉన్నప్పుడు ఆయన బీడీ మీద పన్ను బాగా పెంచాలనీ, ఆ పని పోతేనే ఆడవాళ్ల ఆరోగ్యం బాగుపడుతుందనీ రాశాడు. నిజమే అనుకున్నాను, అమ్మ దగ్గు రోజూ వింటున్నదాన్ని. తరవాత రాయబారిగా వెళ్లి, బీడీ మా పేద ఆడవాళ్ల అన్నం, దాని జోలికి రావద్దని పరాయి దేశం సభల్లో వాదించాడు. అదీ నిజమే అనిపించింది. మంత్రి అయ్యాక ఆ ఊసే ఎత్తడు. బడ్జెట్ దగ్గరపడుతోంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు అనుకుంటూనే మనసులో తిట్టుకున్నాను.

ఈలోగా కాలనీ పెద్దలు ఆయనకు సత్కారం పెట్టారు. సత్కారమంటే మా దగ్గర టోపీ, టవలు, కొబ్బరికాయ ఉండాల్సిందే. ఆయన తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టిన మనిషని టవలు కప్పే పని అమ్మకిచ్చారు. కప్పగానే దండం పెట్టి దిగిపొమ్మని పెద్దలు ముందే చెప్పారు. అమ్మ తలూపింది. తీరా వేదికెక్కాక, టవలు మెడలో వేసి రెండు కొసలూ పట్టుకుని వదల్లేదు.

"బిడ్డా, నీ సదువు నాకు తెల్వది. గీ బీడీ పని ఉంటదా, పోతదా? గదొక్కటి చెప్పు."

పెద్దలు అమ్మను దిగిపొమ్మని సైగలు చేశారు. ఆయన విడిపించుకోలేదు.

"మా అమ్మ గీ పనితోనే నన్ను సదివించింది చిన్నమ్మా. గీ పనితోనే పాణం పోయింది. ఉంచాల్నో తీసెయ్యాల్నో నాకే సమజైతలేదు."

అమ్మ ముందు వరసలో ఉన్న నా వైపు తిరిగి, నువ్వు చెప్పవే అంది. మైకులో ఆ మాట అందరికీ వినబడింది. లేచి నిలబడ్డాను. నాకూ తెలియదని ఒప్పుకున్నాను.

అమ్మ నన్నొకసారి, ఆయన్నొకసారి చూసింది. ఎగతాళికి కాదు, నిజంగానే అర్థంకాక అడిగింది.

"మీ అమ్మ, నేను చుట్టి చుట్టి మిమ్మల్ని సదివిస్తే, ఇద్దరూ తెల్వదనే అంటరా? మరి గిప్పుడు మేమెవల్ని అడగాలె?"