టాపు మీద రెండు సైకిళ్ళు

పోయిన ఆదివారం పొద్దున మా అల్లుడు ఇంటి ముందు కారు నిలబెట్టి, పక్కన రెండు సైకిళ్ళు పెట్టుకుని తల గోక్కుంటున్నాడు. పిల్లల్ని మైపాడు తీసుకుపోయి సముద్రం ఒడ్డున తొక్కించాలని అతని సరదా. "అత్తయ్యా, టాపు మీద కట్టమంటారా, వెనక బిగించమంటారా?" అని నన్నడిగాడు. ఎక్కడైనా కట్టు నాయనా, తలుపులు మాత్రం తెరుచుకోవాలి అన్నాను. అతను నవ్వాడు. నేను లోపలికి వచ్చి మంచినీళ్ళు తాగి కూర్చున్నాను. డెబ్బై దాటిన మనిషిని, కారు మీద తాడు చూడలేనని ఎవరికి చెప్పుకోను?

అరవైల్లో మేం గూడూరులో ఉండేవాళ్ళం. నాయన బడిపంతులు. ఆయన తమ్ముడు, మా చిన్నాయన, నిమ్మకాయల వ్యాపారి. మా వాళ్ళలో కారు కొన్న మొదటి మనిషి. ఎవరో వాడి వాడి వదిలేసిన నల్ల కారది. దగ్గేది, ఆగేది, తోస్తే మళ్ళీ బయలుదేరేది. అయినా చిన్నాయన దాని గురించి బుద్ధిమంతుడైన అల్లుడి గురించి చెప్పినట్టు చెప్పేవాడు. ఆ ఏడు మా అక్కకి ఇందుకూరుపేట అవతల, సముద్రానికి దగ్గర్లో ఒక ఊళ్ళో నర్సు ఉద్యోగం వచ్చింది. చేపలు పట్టేవాళ్ళ పాలేలన్నీ తిరిగి పురుళ్ళు పోయాలి కాబట్టి ఆమెకి సైకిలు తప్పదు. పెళ్ళికాని పిల్ల ఒక్కతే ఎట్లా ఉంటుందని నన్ను తోడు పంపారు. నేను అక్కడే బడికి పోవాలి కాబట్టి నాకూ ఒక సైకిలు. పద్నాలుగేళ్ళ నాకు కాళ్ళు నేల మీద లేవు.

బయలుదేరే రోజు పొద్దున్నే ముసురు. వాయుగుండం ఉందని రేడియోలో చెప్పారట. మర్నాడు అక్క ఉద్యోగంలో చేరకపోతే చోటు ఇంకొకరికి పోతుంది. సైకిళ్ళు బస్సు మీద వేసి పంపమని అమ్మ అంది. బస్సువాడు హ్యాండిళ్ళు విరగ్గొడతాడని చిన్నాయన కొట్టిపారేశాడు. వెనక డిక్కీకి కట్టమని నాయన అన్నాడు. కట్టి చూశారు. చక్రం నేలకి రాసుకుంది. చివరికి టాపు మీద గోతాలు పరిచి, సైకిళ్ళు వెల్లకిలా పడుకోబెట్టి, మమ్మల్నిద్దరినీ వెనక సీట్లో కూర్చోబెట్టి తలుపులు మూసి, కొబ్బరి తాడు ఈ వెనక కిటికీలోంచి ఆ వెనక కిటికీలోకి మూడు చుట్లు తిప్పి చిన్నాయన పైన ముడి బిగించాడు. నాయనా చిన్నాయనా కూర్చునే ముందు సీటుకీ మాకూ మధ్య పరుపుచుట్టలు, సామాను మూటలు టాపు దాకా కుక్కారు.

నాయన చుట్టూ తిరిగి చూసి, "ఇట్ట కడితే ఆడపిల్లలు దిగేదెట్టరా?" అన్నాడు.

"ఊరొచ్చినాక కదన్నా దిగేది!" అన్నాడు చిన్నాయన.

వెంకటాచలం దాటేసరికి గాలి ఎక్కువైంది. తల మీద తాడు ఒకటే రొద. వెల్లకిలా ఉన్న సైకిళ్ళ చక్రాలు గాలికి వాటంతటవే తిరుగుతూ టకటకమంటున్నాయి, పైన ఎవరో కూర్చుని తొక్కుతున్నట్టు. అక్క నా చెయ్యి పట్టుకుంది. మొదట నాకు ధైర్యం చెప్పడానికే అనుకున్నాను. ఆ చెయ్యి నా చెయ్యికన్నా చల్లగా ఉంది. ఇందుకూరుపేటలో టీ కొట్టు మనిషి కారు ఆపి, "ముందర వాగు చప్టా మీద నీళ్ళు పారతా ఉండాయి సామీ, నిలబడిపోండి" అన్నాడు. చిన్నాయన దిగి, చప్టా చూసొచ్చిన ఇంకొకాయన్ని అడిగాడు. మోకాలి లోతు కూడా లేదన్నాడాయన. మనకి కావలసిన మాటే మన చెవికి బాగా వినబడుతుంది.

చప్టా నడిమధ్యలో కారు ఆగిపోయింది. తోయడానికి నాయనా చిన్నాయనా దిగారు. అప్పుడే నీటి చప్పుడు మారింది. నాయన కాలు జారి, రెండు బారల దూరం కొట్టుకుపోయి, చప్టా అంచున పాతిన రాయిని కావిలించుకున్నాడు. కారులో మా కాళ్ళ కింద నీళ్ళు చల్లగా తగిలాయి. చూస్తుండగానే సీటు తడిసింది. కారు ఒక జానెడు పక్కకి జరిగింది, మెల్లగా, పడవ జరిగినట్టు. చిన్నాయన నడుముల్లోతు నీళ్ళలో మా తలుపు లాగుతున్నాడు. తాడు తడిసి ఉబ్బి ముడి రాయైపోయింది. కత్తి నీళ్ళలో మునిగిన డిక్కీలో ఉంది. ముందు నుంచి పరుపుచుట్టలు లాగబోతే నీళ్ళు తాగి అవి కదల్లేదు. ఆయన ఒకసారి అన్న వైపు చూశాడు, ఒకసారి మా వైపు. ఎటు పోవాలో తెలియని ఆ ముఖం నేను మర్చిపోలేదు.

"పాపా, నువ్వు సన్నంగా ఉండావు, తాళ్ళ సందులో దూరి రా!" అని నా చెయ్యి పట్టి లాగాడు. "పోవే!" అని అక్క వెనక నుంచి తోసింది. నేను ఆమె నడుము పట్టుకుని వదల్లేదు. ప్రేమో భయమో ఇప్పుడు చెప్పలేను. ఆ నీళ్ళలోకి ఒక్కదాన్నే పోలేను, అంతే. అక్క నన్ను ఒక్కటి కొట్టింది. అంతలో ఏం తోచిందో, ఒళ్ళో ఉన్న నర్సు సంచీ విప్పి కత్తెర తీసింది. బొడ్డు కోసే కత్తెర. వేలంత లావు తాడుని పీచు పీచుగా కొరకడం మొదలుపెట్టింది. ఒక చుట్టు తెగింది. రెండోది తెగేసరికి నీళ్ళు మా ఒడిలోకొచ్చాయి. మూడోది సగంలో ఉండగా దానంతటదే పుటుక్కుమంది. పైనున్న సైకిలొకటి చిన్నాయన భుజం మీద పడి, ఆయన్ని ముంచి, సముద్రం వైపు వెళ్ళిపోయింది. అది నాది. రెండోది బంపరుకి వేలాడింది.

చిన్నాయన తేలి తలుపు తీశాడు. అవతలి ఒడ్డున పాలెం మనుషులు వల లాగే మోకు పట్టుకుని దిగుతున్నారు. "మోకు వదలబాకండమ్మా, కాళ్ళు చూసుకోబాకండి!" అని వాళ్ళ అరుపు. మమ్మల్ని లాగారు, రాతికి అతుక్కున్న నాయన్ని వేళ్ళు విడదీసి తెచ్చారు. ఒడ్డున బురదలో కూలబడి చిన్నాయన తన రెండు అరచేతులూ చూసుకుంటూ, "నేనే కట్టినాను తల్లీ, నా చేతుల్తో కట్టినాను" అని అక్కతో అంటూనే ఉన్నాడు. నాయన తన పైపంచె పిండి తమ్ముడి భుజాన నెత్తురు తుడిచాడు.

మర్నాడు ఎడ్లు కట్టి కారు లాగారు. అక్క పాలెంలో ఎవరో ఇచ్చిన చీర కట్టుకుని ఉద్యోగంలో చేరింది. కొన్నాళ్ళు ఇద్దరం ఒకే సైకిలు మీద తిరిగాం. చిన్నాయన కారు అమ్మేశాడు. ఆ రోజు సంగతి అమ్మకి మాత్రం ఎవరమూ చెప్పలేదు, సైకిలు దొంగలెత్తుకుపోయారన్నాం.

ఇప్పుడు నాయనా లేడు, చిన్నాయనా లేడు. లెక్క వేసుకుంటే ఆ రోజున చిన్నాయనకి ముప్పై నాలుగేళ్ళు. అన్నీ తెలిసిన పెద్దవాడనుకుని ఆ వయసు మనిషి చేతిలో మా ప్రాణాలు పెట్టి కూర్చున్నాం. ఏళ్ళు గడిచేకొద్దీ, ఆ నీళ్ళలో నిలబడి అటూ ఇటూ చూసిన ఆ మనిషి నాకు ఇంకా ఇంకా చిన్నవాడైపోతున్నాడు.