జీపులో గొడుగు మనిషి

ఆ రోజుల్లో మా ఇంట్లో మిగిలిన స్థిరాస్తి నా నడుము ఒక్కటే. భూములు పోయాయి, గడీ కప్పు కుంగిపోయింది, దొర మనవణ్ని కాబట్టి ఎవరి ముందూ వంగకూడదన్న పట్టుదల మాత్రం నిటారుగా నిలిచింది. (నిద్రలో కూడా సిపాయిలా పడుకునేవాడివని మా అక్క ఇప్పటికీ అంటుంది.) అలాంటి నాకు తొంభైల చివర్లో సూర్యాపేట–కోదాడ రోడ్డు సర్వేలో పని దొరికింది. నెల రోజులు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. ఇది ఆ నెలలో ఆఖరి రోజు సంగతి.

ఉపగ్రహాలను పట్టుకుని మనం ఎక్కడున్నామో చెప్పే కొత్త యంత్రం వచ్చింది. దాని యాంటెన్నా అన్నం పళ్లెమంత ఉంటుంది, అడుగున అయస్కాంతం. జీపు నెత్తిన అతికిస్తే చాలన్నారు. మిర్యాలగూడలో కిరాయికి తెచ్చిన మా జీపుకు తీరా చూస్తే గుడ్డ టాపు! అయస్కాంతం జారి రెండుసార్లు నా ఒళ్లోనే పడింది. చివరికి మేం హారన్ భాయ్ అని పిలిచే డ్రైవరు టాపు విప్పేసి, యాంటెన్నాను ఇనుప గొట్టానికి బిగించి, గొట్టాన్ని సీటు వెనక కడ్డీకి సైకిలు ట్యూబుతో చుట్టాడు. అయినా ఊగుతూనే ఉంది.

"ఎవరన్న జర సీదా పట్టుకుంటే అయితది సార్," అంటూ నావైపు చూశాడు.

సర్వే చూసుకునే కోదాడ ఇంజనీరుగారూ నావైపే చూశారు. "మీరైతే వంగరు కదండీ! గొట్టం ఒరిగితే ఉపగ్రహాలు తప్పి ఈ యంత్రం పెట్టె కూస్తుంది, మళ్లీ సూర్యాపేట నుంచి మొదలెట్టాలి. ఇవాళ పని కాకపోతే మీ ఉద్యోగం సంగతి నేను చెప్పలేను."

పట్టుకుని నిలబడ్డాను. ఎండా దుమ్మూ నన్నేమీ చేయలేదు. దారిలో మా ఊరి బస్సులాగే స్టేజీ ఉంది, అదే నా బాధ. ఒకప్పుడు తాత అక్కడ బండి దిగితే వెనక ఒక మనిషి గొడుగు పట్టేవాడు. ఇప్పుడు మనవడు ఒక పళ్లేన్ని మోస్తున్నాడు! ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతూ మైలురాళ్లు చూశాను. స్టేజీ దగ్గరి చాయ్ హోటలు కనబడగానే, జన్మలో మొదటిసారి, వంగాను.

పెట్టె కీచుమంది. (హోటల్లో అప్పుడు ఒక కుక్క తప్ప ఎవరూ లేరు.)

సూర్యాపేట వెళ్లి మళ్లీ వచ్చేసరికి బెంచీల నిండా మనుషులు. మళ్లీ వంగాను, మళ్లీ కూత.

"ఏం దొరా, గీ స్టేజీ కాడనే నడుము నొస్తదా నీకు?" అన్నాడు హారన్ భాయ్. ఇంజనీరుగారు గడియారం చూసుకున్నారు.

ఈ స్టేజీ దాకా వచ్చి, ఒక కూత పెట్టి వెనక్కి పోయే జీపు సంగతి అప్పటికే ఊరంతా పాకింది. మూడోసారికి అందరూ రోడ్డు మీదే ఉన్నారు. జనం అడ్డొచ్చి జీపు నెమ్మదించింది. ఇక వంగితే ఉద్యోగం ఖతం. గొట్టాన్ని చేతులు చాచి పట్టుకుని, బిగుసుకుపోయి నిలబడ్డాను. ఒక ముసలమ్మ జీపు పక్కనే నడుస్తూ నన్ను కిందికీ పైకీ చూసింది. ఎత్తిపొడుస్తుందనే అనుకున్నాను.

"గట్ల బిగబట్టకు బిడ్డా, చేతులు గుంజుతయి. మోచెయ్యి కడుపుకు ఆనియ్యి. మా మామ మీ తాతకు గట్లనే పట్టేటోడు గొడుగు."

ఆనించాను. కోదాడ దాకా పెట్టె నోరెత్తలేదు. ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు నడుముకు పట్టీ. ముందుకు వంగొద్దని డాక్టరు చెప్పినప్పుడు, నా సిద్ధాంతమూ అదేనని కాస్త గర్వంగానే అన్నాను. కానీ వానలో మా ఆవిడకు గొడుగు పట్టాల్సి వస్తే, మోచెయ్యి నన్నడక్కుండానే కడుపును వెతుక్కుంటుంది.